హన్మకొండల ఒక ప్రైవేట్ స్కూల్ మీద టీచర్ రివ్యూ: బిల్డింగ్‌కు ఐదు స్టార్లు, స్టాఫ్ రూంకు ఒక్కటి

ఈ స్కూల్ మీద పేరెంట్స్ రాసిన రివ్యూలు మస్తున్నయి. గ్రౌండ్ బాగుంది, బస్సు టైంకొస్తది, యాన్యువల్ డే అదిరింది, డిజిటల్ క్లాసులు సూపర్ అని. నేను కాదంటలేను, అవన్నీ నిజమే. లోపల పనిచేసినోళ్లు రాసింది మాత్రం నాకు ఒక్కటి కూడా కనపడలే, అందుకే ఇది. సిక్స్త్ నుంచి టెన్త్ దాకా సోషల్ చెప్పిన ఆడ, ఈ మధ్యనే మానేసిన. స్కూల్ పేరు రాస్తలేను, ఎందుకంటే నాకిష్టమైన మనుషులు ఇంకా ఆడ పనిచేస్తున్నరు, రాసింది ఎవరని ఎతుక్కుంట వాళ్ల మీద పడ్తరు. పేరు లేకున్నా ఏం కాదు లెండి, కాజీపేట దిక్కు, సుబేదారి దిక్కు, ములుగు రోడ్ దిక్కు పనిచేసే నా బీఎడ్ ఫ్రెండ్స్‌తోని ఫోన్ మాట్లాడితే గేటు మీద బోర్డు మారుతది గాని ముచ్చట మారదు.

ముందుగాల మంచివి చెప్త. పిల్లలు మంచోళ్లు, నిజంగ. రామప్పకు ఫీల్డ్ ట్రిప్ తీసుకపోదాం, 2021ల యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది కదా అని అడిగితే ఒక్క మాట ఎదురు చెప్పకుంట బస్సు ఇచ్చిండ్రు, దానికి మేనేజ్‌మెంట్‌కు థ్యాంక్స్. క్లాస్ రూంలల్ల గాలి, వెలుతురు బాగుంటయి. బాత్రూంలు శుభ్రంగ ఉంటయి, ఇది చిన్న విషయం కాదు, లేడీ టీచర్లకు తెలుస్తది. జీతం తక్కువనే, అది కూడా 10 నెలలకే, మే నెల జీతం అనే మాట ఆడ ఉండదు, మొదటి నెలది డిపాజిట్ అని ఆపుకుంటరు. కానీ ఇవన్నీ జాయిన్ అయ్యేటప్పుడే తెలుసు, ప్రైవేట్ టీచర్‌కు ఇందుల కొత్తేముంది. నేను మానేసింది జీతం గురించి కాదు, స్టాఫ్ రూం గురించి.

స్టాఫ్ రూం అంటే ఫస్ట్ ఫ్లోర్ల మెట్ల పక్కన ఒక పొడుగు గది, మధ్యల రెండు టేబుళ్లు, గోడకు బీరువా. చూస్తే ఏముండదు. కొత్తగ వచ్చిన రోజు ఫ్యాన్ కింద కుర్చీ ఖాళీగ ఉంటే కూసున్న, ఒక సీనియర్ మేడం వచ్చి నన్ను ఏమీ అనలే, పక్కామెతోని అన్నది, "ఈ మధ్య ఎవరికి ఏది కనపడితే దాంట్ల కూసుంటున్నరు" అని. అత్తగారింట్ల కొత్త కోడలు ఏ గ్లాస్ ముట్టుకోవాల్నో తెల్వక నిలబడ్డట్టు నిలబడ్డ నేను. తర్వాత తెలిసింది, కుర్చీలకే కాదు, బీరువాల అరలకు, చివరికి టిఫిన్ డబ్బా పెట్టే జాగకు కూడా ఓనర్లున్నరని. లంచ్‌ల ఎవరి గుంపు వాళ్లదే. కొత్తగ వచ్చినామెను పిలిచి ఒక కూర వేసే మనిషి లేదా అంటే ఉన్నది, ఆయమ్మ. మా ఊరి చింతకాయ తొక్కు నాతోని తిన్న మొదటి మనిషి ఆడ ఆమెనే.

మొదటి వారంల అందరూ అడిగే ప్రశ్న "ఏం సబ్జెక్ట్ మేడం" అని కాదు, "ఇంటిపేరేంది మేడం" అని. ఎందుకడుగుతరో మనందరికి తెలుసు. చెప్పినంక ఎవరి మాట ఎంత మెత్తబడ్డదో, ఎవరిది ఎంత గట్టిపడ్డదో చూసుకుంటే చాలు, ఆ గదిల మన జాగ ఏడనో తెలిసిపోతది. భూపాలపల్లి దిక్కు నుంచి వచ్చిన ఒకామె సైన్స్ చెప్తుండె, సబ్జెక్ట్ దంచుతది, పిల్లలు ఆమె క్లాస్ అంటే పడి చస్తరు. ఆమె "జూ" అనాల్సిన కాడ "జు" అన్నదని నెలలు నెలలు నవ్విండ్రు. మొఖం మీద నవ్వితే వేరే సంగతి, ఆమె లోపలికి రాంగనే ఎవరో ఒకరు జు జు అనుకుంట ఫోన్ చూసుకుంటరు. ఏమన్నరు అని అడిగితే ఏమనలే. అదే కదా అసలు కిటుకు.

ఈ ఏమీ అనకుంటనే అనుడు మీద చదువుకున్నోళ్లు రాసింది కూడా ఉన్నది. 1999ల అండర్సన్, పియర్సన్ అని ఇద్దరు పని జాగలల్ల మర్యాద తప్పుడు మీద ఒక పేపర్ రాసిండ్రు. వాళ్లు చెప్పిందేందంటే, ఇది కొట్లాట కాదు, తిట్టు కాదు, చిన్నగ ఉంటది, కావాలని చేసిండ్రా లేదా అనేది తేలదు, అందుకే పట్టుకొని అడగరాదు. అడగరాదు కాబట్టి మనసుల పెట్టుకొని రేపు మనం కూడా ఇంకో చిన్నది వదుల్తం, అట్ల ఒకరి మీద ఒకరు పెంచుకుంట పోతరు. అమెరికాల రాసిండ్రు గాని మా స్టాఫ్ రూంల కూసొని రాసినట్టే ఉన్నది. ఆ జు జు మేడమే, మెల్లగుండే మనిషి, ఏడాది తిరిగేసరికి కొత్తగ వచ్చిన కంప్యూటర్ సార్ షర్ట్ మీద జోకులేసుకుంట కూసున్నది. నా కండ్ల ముందట మారింది.

ఇగ అడ్జస్ట్‌మెంట్ రిజిస్టర్. టీచర్లు కానోళ్లకు చెప్త, ఎవరైనా లీవ్ పెడితే వాళ్ల పీరియడ్లు లీజర్, అంటే ఖాళీ పీరియడ్, ఉన్నోళ్లకు వేస్తరు, అది ఒక పొడుగు నోట్‌బుక్‌ల రాసి ఆయమ్మ చేతికిచ్చి పంపుతరు, మనం సంతకం పెట్టాలె. ఫస్ట్ పీరియడ్ బెల్ కొట్టంగనే ఆయమ్మ చెప్పుల సప్పుడు వినపడితే చాలు, స్టాఫ్ రూంల మాటలు ఆగిపోతయి. రెడ్ పెన్నుతోని పేర్లుంటయి. వెనుక పేజీలు తిప్పితే కథంతా అండ్లనే ఉంటది, సైన్స్ మేడం, నేను, హిందీ మేడం, మల్ల సైన్స్ మేడం, మల్ల నేను. ఇంచార్జి మేడంతోని కలిసి టీ తాగే బ్యాచ్ పేర్లు ఎతికినా దొరకయి. వాళ్ల లీజర్లు భద్రంగ ఉంటయి. విద్యా హక్కు చట్టం షెడ్యూల్‌ల టీచర్‌కు వారానికి 45 గంటల పని అని రాసి ఉన్నది, అది ప్రిపరేషన్ టైం కలుపుకొని. అంటే లీజర్ అనేది ఖాళీ కాదు, అది కూడా పనే, నోట్స్ దిద్దేది అప్పుడే, లెసన్ ప్లాన్ రాసేది అప్పుడే. రోజూ అది గుంజుకుంటే నోట్స్ ఇంటికి మోసుకపోవాలె. రాత్రి పదింటికి నేను ఎయిత్ క్లాస్ నోట్‌బుక్‌లు ముందటేసుకొని కూసుంటే మా ఆయన "ఇంకెన్ని కట్టలున్నయే" అని అడిగేది.

వాట్సాప్ గ్రూప్ గురించి చెప్పకుంటే ఈ రివ్యూ సగమే. స్టాఫ్ గ్రూప్‌ల మొత్తం టీచర్లు, ప్రిన్సిపాల్ మేడం, కరస్పాండెంట్ సార్, ఆఫీస్ పని చూసే ఏఓ అందరుంటరు. రాత్రి అన్నం తిని పిల్లలను పండబెట్టే టైంల ఒక ఫొటో వస్తది. ఏదో పిల్లగాని నోట్‌బుక్ పేజీ, అండ్ల దిద్దని ఒక స్పెల్లింగ్‌కు రౌండ్ చుట్టి, కింద "కన్‌సర్న్డ్ టీచర్ ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్" అని. కన్‌సర్న్డ్ టీచర్ ఎవరో అందరికి తెలుసు. ఆ మెసేజ్ ఒక ఎత్తు, దాని కింద టకటక పడే బొటనవేలు గుర్తులు ఇంకో ఎత్తు. పొద్దున నాతోని ఆటో షేర్ చేసుకున్నామె బొటనవేలు కూడా అండ్ల ఉంటది. తెల్లారి అడిగితే "నాకేం తెల్సు మేడం, అందరూ పెట్టిండ్రని పెట్టిన" అంటది. ఆమె కూడా అబద్ధం చెప్పలే, పెట్టకపోతే నువ్వెందుకు పెట్టలే అని రేపు ఆమెను అడుగుతరు.

అన్నిటికంటే నాకు పడనిది క్లాస్‌ల పరువు తీసుడు. సెవెన్త్ క్లాస్‌ల మొఘల్ సామ్రాజ్యం చెప్తున్న, ఇంచార్జి మేడం తలుపు కాడికొచ్చి లోపలికి కూడా రాకుంట "మేడం మీరు లెసన్ చెప్తున్నరా సీరియల్ చెప్తున్నరా, సౌండ్ ఆఫీస్ దాకా వస్తుంది" అన్నది. నలభై మంది పిల్లల ముందట. పిల్లలు ఫస్ట్ నా దిక్కు చూసిండ్రు, తర్వాత ఒకల దిక్కు ఒకలు చూసుకున్నరు. ఆ పీరియడ్‌ల ఇంక పాఠం నడవలే. వారం తిరగకముందే వెనుక బెంచీల ఒక పిలగాడు అదే గొంతుతోని సీరియల్, సీరియల్ అన్నడు, క్లాసంతా నవ్వింది. వానిదేం తప్పు, పెద్దోళ్లు ఒక టీచర్‌తోని ఎట్ల మాట్లాడొచ్చో చూపిచ్చిండ్రు, వాడు నేర్చుకున్నడు. అదే కారిడార్‌ల గోడ మీద విద్యా హక్కు చట్టం సెక్షన్ 17 బోర్డు ఉన్నది, పిల్లలను కొట్టొద్దు, మానసికంగ వేధించొద్దు అని. మంచి సెక్షన్, ఉండాల్సిందే. ఆ బోర్డు కిందనే నిలబడి రోజూ ఒక టీచర్ కండ్ల నీళ్లు తుడుచుకుంటది, పిల్లలు చూసుకుంట పోతరు.

మీరనొచ్చు, ఆ ఇంచార్జి మేడం ఒక్కామె చెడ్డది, ఆమె పోతే అంతా సాఫ్ అయితది అని. నేను కూడా మొదట్ల గట్లనే అనుకునేది. కాదు. ఆమె కంటే ముందున్నామె కూడా ఇంతేనట, రేపు ఈమె జాగల వచ్చేది కూడా ఇంతే ఉంటది, ఎందుకంటే మేనేజ్‌మెంట్‌కు ఇది ఫ్రీగ దొరికే సూపర్‌విజన్. జీతం ఫిక్స్ చేసేటప్పుడు అందరికి ఒకటే మాట చెప్తరు, "మీకు ఎక్కువిస్తున్నం, ఎవరికి చెప్పకండి". అందరికి. దాంతోని నా పక్కన కూసున్నామెకు నాకంటే ఎక్కువొస్తదేమో అని నాకు, నాకు ఎక్కువొస్తదేమో అని ఆమెకు, అట్ల ఎవరిని ఎవరు నమ్మరు. ఇంక్రిమెంట్‌కు పద్ధతంటూ ఏమీ లేదు, సర్వీస్ చూడరు, రిజల్ట్ చూడరు, సార్ చెవిల ఎవరి మాట ముందు పడితే వాళ్లదే నడుస్తది. చాడీలు చెప్పుడు కూడా ఒక క్వాలిఫికేషన్ అయిన కాడ ఎవరు మంచిగుంటరు చెప్పండి. నలుగురు టీచర్లు ఒక్క మాట మీదుంటే మే నెల జీతం అడుగుతరు. నలుగురు నాలుగు దిక్కులుంటే ఎవరూ అడగరు. కావాలని ప్లాన్ చేసి పెట్టిండ్రని నేననను గాని, ఆపే అవసరం మాత్రం వాళ్లకు లేదు.

ఏప్రిల్‌ల అడ్మిషన్ల క్యాన్వాసింగ్ అప్పుడు చూడాలె అసలు. భీమారం, హసన్‌పర్తి కాలనీలల్ల పాంప్లెట్లు పట్టుకొని ఎండల ఇల్లిల్లు తిరగాలె, ఒక్కొక్కరికి టార్గెట్. సాయంత్రం మీటింగ్‌ల ఎన్ని నంబర్లు తెచ్చిండ్రో నిలబడి చెప్పాలె, తక్కువ తెచ్చినోళ్లకు "క్లాప్స్ కొట్టండి మేడంకు" అంటరు. కొడ్తరు కూడా, అందరు. వడదెబ్బ తగిలి మ్యాథ్స్ సార్ రెండో రోజు రాలేకపోతే ఆయన కాలనీ నా లిస్ట్‌ల కలిసింది, ఆయన మీద నాకు కోపమొచ్చింది, కరస్పాండెంట్ సార్ మీద రావాల్సిన కోపం.

సీనియర్లను నేను విలన్లను చేసి రాస్తున్నట్టు అనిపిస్తే అది పూర్తి నిజం కాదు, వాళ్ల సంగతి కూడా చెప్పాలె. 2020 మార్చిల స్కూళ్లు బందైనప్పుడు ఈ కుర్చీలల్ల కూసునేటోళ్లకు నెలలకు నెలలు జీతం లేదు. ఫ్యాన్ కింద కుర్చీ మేడం భర్తది కూడా ప్రైవేట్ టీచర్ ఉద్యోగమే, ఇద్దరు కలిసి కూరగాయల బండి పెట్టుకున్నరట. 2021 ఏప్రిల్‌ల రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేట్ టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది కదా, ఆ బియ్యానికి లైన్ల నిలబడితే తన స్టూడెంట్ తండ్రి చూసిండని ఒకసారి ఆమెనే చెప్పింది, చెప్పుకుంట నవ్వింది. అట్ల ఒకసారి అంతా పోయినోళ్లు మల్ల వచ్చి ఆ కుర్చీల కూసుంటే, కొత్తగ వచ్చే ప్రతి మనిషి వాళ్లకు, సగం జీతానికి తమ జాగల దొరికే మనిషి లెక్కనే కనపడ్తది. నాకు అర్థమైంది అది. అర్థమైనంత మాత్రాన ఆ గదిల కూసునుడు ఏం సులువు కాలే.

డీఎస్సీ టైంల ఇంకో సినిమా. 2024 ఫిబ్రవరిల 11,062 గవర్నమెంట్ టీచర్ పోస్టులకు నోటిఫికేషన్ పడ్డది, స్టాఫ్‌ల సగం మంది టెట్ కొట్టినోళ్లే, అందరూ చదువుతున్నరు. లీజర్‌ల బుక్ తీస్తే "ఓహో కలెక్టర్ అయితరా మేడం" అని ఎగతాళి, కావాలని అడ్జస్ట్‌మెంట్లు, పరీక్ష ముందు లీవ్ అడిగితే రిజైన్ చేసి పొమ్మనుడు. మా సైన్స్ మేడంకు, అదే జు జు మేడంకు, జాబ్ వచ్చింది. ఆ సాయంత్రం స్టాఫ్ గ్రూప్‌ల పూల బొమ్మలు, "మా స్కూల్ గర్వకారణం" అని పోస్టర్, తెల్లారి ఇంచార్జి మేడం శాలువా కప్పింది. శాలువా మంచిదే అన్నది ఆమె, వాళ్లమ్మకు ఇచ్చిందట. గవర్నమెంట్ బడిల కూడా సంఘాల పంచాయితీలు, కోపతాపాలు ఉన్నయనే చెప్తది ఫోన్ చేస్తే, కాకపోతే ఎవరన్నా ఒక మాటంటే తిరిగి ఒక మాటనొచ్చు, ఉద్యోగం పోదు అంటది. తేడా అంతా ఆడనే ఉన్నది.

చట్టం ఏమన్నా పనికొస్తదా అని అడుగుతరు కొందరు, నేను కూడా చూసిన. పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే కాడ 2013 చట్టం ప్రకారం ఇంటర్నల్ కమిటీ ఉండాలె, సగం మంది ఆడోళ్లుండాలె, బయటి మెంబర్ ఒకరుండాలె. అది లైంగిక వేధింపులకు, ఈ ఎత్తిపొడుపులు దాని కిందికి రావు, అయినా ఉందా అని ఆఫీస్‌ల అడిగిన. ఉంది మేడం అని ఏఓ ఇన్‌స్పెక్షన్ ఫైల్ తీసి చూపిచ్చిండు. అండ్ల మెంబర్ల లిస్ట్‌ల నా పేరే ఉన్నది. సంతకం మాత్రం నాది కాదు. నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే, టీ తాగి వచ్చిన.

పైసల దిక్కు అయితే కాయితం మీద మనకు మస్తున్నయి. ఉమ్మడి రాష్ట్రంల 1994 జనవరి 1న వచ్చిన జీవో నంబర్ 1 అయితే ప్రైవేట్ స్కూల్ ఆదాయంల 50 శాతం స్టాఫ్ జీతాలకే పోవాలె అన్నది, పీఎఫ్, గ్రాట్యుటీ లాంటియాటికి ఇంకో 15 శాతం, మేనేజ్‌మెంట్‌కు 5 శాతం. చదివి స్టాఫ్ రూంల చెప్తే అందరూ పకపక నవ్విండ్రు, ఆ గదిల అందరూ కలిసి నవ్విన రోజు అదొక్కటే నాకు గుర్తున్నది. గ్రాట్యుటీ మాత్రం నవ్వేసేది కాదు, ప్రైవేట్ స్కూల్ టీచర్లకు కూడా అది వర్తిస్తదని 2022 ఆగస్టుల సుప్రీంకోర్టు తేల్చేసింది. ఐదేండ్ల సర్వీస్ నిండాలె. అందుకే నాలుగేండ్లు దాటినోళ్ల మీద కిరికిరి ఎక్కువైతదని మా వాళ్లు అంటరు, అది అనుమానమే, రుజువేం లేదు.

కొత్తగ పోయేటోళ్లకు నాకు తెలిసింది చెప్త. డెమో రోజు బిల్డింగ్ చూపిస్తరు, ఏసీ ఆఫీస్‌ల కూసోబెడతరు. మంచినీళ్లు తాగొస్త అని చెప్పి ఒకసారి స్టాఫ్ రూం దిక్కు పోండి, లంచ్ టైంల అయితే ఇంకా మంచిది. మీరు లోపలికి పోంగనే మాటలు బందైతే, ఎవరూ కూసోమనకపోతే, మీకు సమజైపోతది. "ఈ పోస్ట్‌ల ముందు ఎవరు చేసిండ్రు, ఎందుకు మానేసిండ్రు" అని ప్రిన్సిపాల్‌ను అడగండి, జవాబు కంటే జవాబు చెప్పే మనిషి మొఖం చూడండి. ఆ పాత టీచర్ నంబర్ సంపాదించగలిగితే ఒక్క ఫోన్ కొట్టండి, నాకంటే ముందు సోషల్ చెప్పినామె నంబర్ నాకు ఆయమ్మనే ఇచ్చింది, కాకపోతే జాయిన్ అయినంక. అపాయింట్‌మెంట్ ఆర్డర్ అడగండి, ఇయ్యకుంటే జీతం మాట వాట్సాప్‌లనన్నా రాయించుకోండి.

పేరెంట్స్ కూడా ఇది చదువుతుంటే ఒక్కటి, మీటింగ్‌కు పోయినప్పుడు ర్యాంకుల బ్యానర్ కాకుంట మీ పిల్లగాని సబ్జెక్ట్‌కు ఈ ఏడు ఎంతమంది టీచర్లు మారిండ్రో అడగండి. మా నైన్త్ క్లాస్‌కు దసరా, సంక్రాంతి మధ్యల ఫిజిక్స్ చెప్పేటోళ్లు ముగ్గురు మారిండ్రు, ఒక్క పేరెంట్ అడగలే.

ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం చేతికి ఇయ్యకండి. వెరిఫికేషన్ అంటరు, ఫార్మాలిటీ అంటరు, అందరూ ఇచ్చిండ్రు మేడం అంటరు. అక్కడనే నిలబడి చూపిచ్చి, జిరాక్స్ మీద సంతకం పెట్టిచ్చి, ఒరిజినల్ మల్ల బ్యాగ్‌ల పెట్టుకొని రండి. నా బీఎడ్ మెమో, డిపాజిట్ నెల జీతం రెండు ఇంకా వాళ్ల బీరువాలనే ఉన్నయి, ఫోన్ చేస్తే వచ్చే సోమవారం రమ్మంటున్నరు.